వెబ్‌లో వెక్టర్ బొమ్మలు, కదలికలు: ఏ పనికి ఏ ఫార్మాట్ వాడాలి?

#1 · చుక్కలముగ్గు

అందరికీ నమస్కారం. ఒక సైట్ కోసం నాలుగు రకాల వెక్టర్ (ఎంత పెంచినా మసకబారని, గీతల లెక్కతో గీసే బొమ్మల) పనులున్నాయి.

ఒకటి, 24 పిక్సెళ్ల ఐకాన్లు నలభై. రెండు, లోడింగ్ గుర్తు. మూడు, హోం పేజీ పైభాగంలో పెద్ద బొమ్మ. అందులో ఒక పళ్ల చక్రం తిరగాలి, ఒక గీత తనంతట తాను గీసుకుంటూ పోవాలి, కింద తెలుగులో శీర్షిక ఉండాలి. నాలుగు, డిజైనర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన నాలుగు సెకండ్ల యానిమేషన్.

అన్నీ లాటీతో (ఆఫ్టర్ ఎఫెక్ట్స్ యానిమేషన్‌ను వెబ్‌లో ఆడించే ఫార్మాట్) చేసేయొచ్చా? లేక ఒక్కోదానికి ఒక్కో దారి పట్టాలా? ఇప్పటికి రెండు చిక్కులు కనబడుతున్నాయి. చక్రం తన చుట్టూ తాను తిరగకుండా బొమ్మ ఎడమ పై మూల చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది. శీర్షికను అక్షరం అక్షరంగా రప్పిస్తే ఒత్తులు ఊడి పక్కన పడుతున్నాయి.

#2 · వక్రరేఖ

అన్నిటికీ లాటీ వద్దండీ. మీ నాలుగు పనుల్లో మూడు మామూలు ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్), సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే భాష) రెండింటితోనే అయిపోతాయి. ప్లేయర్ లైబ్రరీ దేనికైనా సరే డౌన్‌లోడ్ బరువు, జావాస్క్రిప్ట్ నడిచే సమయం అనే రెండు ఖర్చులుంటాయి. లోడింగ్ గుర్తును లాటీలో పెడితే ఆ గుర్తు కనబడటానికే ముందు ప్లేయర్ లోడ్ అవ్వాలి. అలాంటప్పుడు అది ఉండీ ప్రయోజనం లేదు.

ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: కదలికను నడిపేది ఎవరు? కాలం మాత్రమే నడిపితే (తిరగడం, మెరవడం, గీసుకోవడం) సీఎస్ఎస్ సరిపోతుంది. టైమ్‌లైన్ మీద వందల కీఫ్రేములతో (ఏ క్షణానికి బొమ్మ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు) ఆర్టిస్ట్ నడిపితే లాటీ. వాడుకరి మౌసు, క్లిక్కులు, స్క్రోలు నడుపుతూ బొమ్మ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంటే రైవ్ (స్పందించే యానిమేషన్ల ఫార్మాట్), లేదా జీసాప్‌తో (జావాస్క్రిప్ట్ యానిమేషన్ లైబ్రరీ) ఎస్‌వీజీ.

కాస్త చరిత్ర తెలిస్తే ఇన్ని దారులు ఎందుకున్నాయో అర్థమవుతుంది. 1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందుకు పీజీఎంఎల్, వీఎంఎల్ అనే పోటీ ప్రతిపాదనలు వచ్చాయి. వాటి తర్వాత అందరూ కలిసి తయారుచేసిన ఎస్‌వీజీ 1.0 సెప్టెంబరు 2001లో ప్రమాణమైంది. కానీ బ్రౌజర్లు దాన్ని పూర్తిగా అందుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2011లో తొమ్మిదో వెర్షన్‌తో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా కదిలే బొమ్మలను ఫ్లాష్ ఏలింది. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగింది. పాత ఫ్లాష్ ఫైళ్లు (ఎస్‌డబ్ల్యూఎఫ్) చూపించాల్సి వస్తే రఫుల్ అనే ఎమ్యులేటర్ ఉంది. కొత్త పనికి మాత్రం దాని జోలికి పోనక్కర్లేదు.

#3 · నీలిగీత

ఫార్మాట్ కన్నా ముందు ఎక్స్‌పోర్ట్ సరిగ్గా ఉండాలి. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఇలస్ట్రేటర్‌లో అయితే సేవ్ యాజ్ కాదు, ఎక్స్‌పోర్ట్ యాజ్‌లోకి వెళ్లి ఎస్‌వీజీ ఎంచుకోండి. స్టైలింగ్ దగ్గర ప్రెజెంటేషన్ ఆట్రిబ్యూట్స్ పెట్టండి. ఇంటర్నల్ సీఎస్ఎస్ పెడితే ప్రతి ఫైల్లోనూ సీఎల్‌ఎస్-1, సీఎల్‌ఎస్-2 అనే అవే క్లాస్ పేర్లు వస్తాయి. రెండు బొమ్మలను ఒకే పేజీలో ఇన్‌లైన్‌గా (వాటి కోడ్‌ను పేజీ కోడ్‌లోనే) పెట్టగానే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. ఆబ్జెక్ట్ ఐడీల దగ్గర లేయర్ నేమ్స్ పెడితే మీరు పెట్టిన పేర్లే కోడ్‌లోకి వస్తాయి కాబట్టి యానిమేట్ చేసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. దశాంశాలు 2 చాలు. రెస్పాన్సివ్ టిక్ పెడితే విడ్త్, హైట్ పోయి వ్యూబాక్స్ (బొమ్మ లోపలి కొలతల చట్రం) మిగులుతుంది.

ఇంక్‌స్కేప్‌లో ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేయండి. మామూలు సేవ్‌లో ఇంక్‌స్కేప్, సోడిపోడి నేమ్‌స్పేస్‌ల సమాచారం ఫైలంతా నిండి ఉంటుంది. ఎడిటింగ్‌కు అది కావాలి కనుక అసలు ఫైలును విడిగా దాచుకోండి. బొమ్మ చుట్టూ అనవసరపు ఖాళీ వస్తుంటే ఎక్స్‌పోర్ట్‌కు ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కి పేజీని బొమ్మ కొలతకు కుదించండి.

ఫిగ్మాలో గుర్తుపెట్టుకోవాల్సింది స్ట్రోక్ (గీతకిచ్చే మందం) సంగతి. ఎస్‌వీజీలో స్ట్రోక్ ఎప్పుడూ గీతకు అటూ ఇటూ సమానంగా పడుతుంది. లోపలి స్ట్రోక్, బయటి స్ట్రోక్ అనేవి అందులో లేవు. అలాంటివి ఎక్స్‌పోర్ట్ చేస్తే మాస్కులో, వంకర దారులో పుట్టుకొస్తాయి. ఐకాన్లకు మొదటి నుంచే సెంటర్ స్ట్రోక్ వాడండి.

ఇక ఎస్‌వీజీ ఫైళ్లను కుదించే ఎస్‌వీజీఓ. ఇది మంచి పనిముట్టు. యానిమేట్ చేయబోయే ఫైలు మీద డిఫాల్ట్ సెట్టింగులతో నడిపితే మాత్రం పని చెడుతుంది. ఏవేవి చెడగొడతాయంటే:

– మూడో వెర్షన్ వరకు వ్యూబాక్స్ తీసేసే ప్లగిన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేది. వ్యూబాక్స్ పోతే బొమ్మ సాగదు, కుదించుకోదు. నాలుగో వెర్షన్‌లో దాన్ని డిఫాల్ట్ జాబితాలోంచి తీసేశారు. పాత వెర్షన్ వాడుతుంటే మీరే ఆపాలి.
– క్లీనప్ ఐడీస్ అనేది ఫైల్లో ఎక్కడా వాడని ఐడీలను తీసేస్తుంది, వాడినవాటిని ఏ, బీ అని కుదిస్తుంది. మీ సీఎస్ఎస్ బయట ఉందని దానికి తెలియదు.
– మెర్జ్ పాత్స్, కొలాప్స్ గ్రూప్స్ రెండూ మీరు విడిగా కదిలించాల్సిన ముక్కలను కలిపేస్తాయి.

యానిమేషన్ ఫైళ్లకు ఇవన్నీ ఆపేయండి. ఇన్‌లైన్‌గా పెట్టే ఐకాన్లకు ప్రిఫిక్స్ ఐడీస్ (ప్రతి ఐడీ ముందు ఒక పేరు తగిలించేది) ఆన్ చేయండి. రెండు ఐకాన్లలోనూ గ్రేడియెంట్ (ఒక రంగు నుంచి ఇంకోదానికి జారే పూత) ఐడీ «ఏ» అయితే బ్రౌజర్ మొదట దొరికిన దాన్నే రెండింటికీ పూస్తుంది.

#4 · చుక్కలముగ్గు

నీలిగీత గారూ, సీఎల్‌ఎస్-1 సంగతి సరిగ్గా తగిలింది, ధన్యవాదాలు. దశాంశాలు 2 అన్నారు కదా, అన్ని ఫైళ్లకూ అంతేనా?

#5 · నీలిగీత

వ్యూబాక్స్ కొలతను బట్టి. 24×24 ఐకాన్‌కు 0.01 యూనిట్ తేడా కంటికి ఆనదు. కొందరు వ్యూబాక్స్‌ను 0 0 1 1 అని పెట్టి అంతా భిన్నాల్లో గీస్తారు. అక్కడ రెండు దశాంశాలంటే మొత్తం బొమ్మకు అటు నూరు, ఇటు నూరు గళ్లే మిగులుతాయి. వంపులన్నీ మెట్లుమెట్లుగా అవుతాయి.

ఐకాన్లు గురించి ఇంకొకటి. 24 గళ్ల మీద 1 పిక్సెల్ స్ట్రోక్‌ను పూర్ణాంకం మీద గీస్తే సగం ఒక పిక్సెల్‌లో, సగం పక్క పిక్సెల్‌లో పడి మసకగా కనబడుతుంది. నిలువు, అడ్డ గీతలను 0.5 మీద పెట్టండి. 2 పిక్సెళ్ల స్ట్రోక్‌కు పూర్ణాంకాలే సరి.

#6 · తెరచాప

చక్రం సంగతి. హెచ్‌టీఎంఎల్ పెట్టెలకు ట్రాన్స్‌ఫార్మ్ ఆరిజిన్ డిఫాల్ట్‌గా మధ్యలో ఉంటుంది. ఎస్‌వీజీ లోపలి వాటికి 0 0, అంటే వ్యూబాక్స్ ఎడమ పై మూల. అందుకే ప్రదక్షిణ. చక్రం ఉన్న గ్రూపుకు రెండు లక్షణాలు ఇవ్వండి: ట్రాన్స్‌ఫార్మ్-బాక్స్‌కు ఫిల్-బాక్స్, ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్‌కు సెంటర్.

అయితే ఫిల్-బాక్స్ అంటే ఆ ఆకారాన్ని చుట్టిన దీర్ఘచతురస్రం. చక్రానికి ఒకవైపు పిడి లాంటిదుంటే దీర్ఘచతురస్రం మధ్య, ఇరుసు మధ్య ఒకటి కావు, చక్రం ఊగుతూ తిరుగుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మ్-బాక్స్‌ను వదిలేసి, ఇరుసు ఎక్కడుందో వ్యూబాక్స్ యూనిట్లలో చెప్పండి, ఉదాహరణకు 120పీఎక్స్ 80పీఎక్స్. ఇక్కడ పీఎక్స్ అంటే తెర పిక్సెల్ కాదు, వ్యూబాక్స్ యూనిట్. అన్నిటికన్నా భద్రమైన పద్ధతి మాత్రం చక్రాన్ని 0,0 చుట్టూ గీసి, బయటి గ్రూపుతో దాని చోటికి జరిపి, లోపలి గ్రూపును తిప్పడం.

ఈ రెండు గ్రూపుల పద్ధతి ఇంకో తలనొప్పినీ తప్పిస్తుంది. ఎలిమెంట్ మీద ట్రాన్స్‌ఫార్మ్ ఆట్రిబ్యూట్ ముందే ఉండి, మీరు సీఎస్ఎస్ ట్రాన్స్‌ఫార్మ్‌లో రొటేట్ ఇస్తే, రెండూ కలవవు. సీఎస్ఎస్ ఆట్రిబ్యూట్‌ను పూర్తిగా తోసేస్తుంది. యానిమేషన్ మొదలవగానే బొమ్మ మూలకు ఎగిరిపోయిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

గీసుకునే గీత కోసం పాత్ ట్యాగుకు (ఎస్‌వీజీలో గీతను రాసేది) పాత్‌లెంగ్త్ ఆట్రిబ్యూట్ 1 ఇవ్వండి. స్ట్రోక్-డాష్‌అర్రే 1, స్ట్రోక్-డాష్‌ఆఫ్‌సెట్‌ను 1 నుంచి 0కి యానిమేట్ చేయండి. అసలు పొడవు జావాస్క్రిప్ట్‌తో కొలవనక్కర్లేదు. ఇందులో రెండు గుంటలున్నాయి. స్ట్రోక్ చివరలు గుండ్రంగా పెడితే గీత మొదలవకముందే ఒక చుక్క కనబడవచ్చు. మొదలయ్యేదాకా ఒపాసిటీ 0లో ఉంచండి. రెండోది, వెక్టర్-ఎఫెక్ట్‌కు నాన్-స్కేలింగ్-స్ట్రోక్ ఇచ్చిన గీత మీద ఈ కిటుకు సరిగ్గా నడవదు, ఎందుకంటే అప్పుడు డాష్‌ల కొలత తెర పిక్సెళ్లలోకి మారిపోతుంది.

#7 · పలక_బలపం

ఎస్ఎంఐఎల్‌ను (ఎస్‌వీజీ లోపలే ట్యాగులతో యానిమేషన్ రాసే పద్ధతి) ఎవరూ తలచుకోలేదేం? అది చచ్చిపోయిందన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది, నిజం కాదు. 2015లో క్రోమ్ దాన్ని తీసేస్తామని ప్రకటించి, 2016లో ఆ ఆలోచన పక్కన పెట్టింది. ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ నడుస్తుంది.

దాని బలం వరుస కట్టడంలో ఉంది. ఒక యానిమేషన్‌కు ఐడీ ఇచ్చి, రెండోదాని బిగిన్ దగ్గర «మొదటిదాని ఎండ్ ప్లస్ 0.3 సెకండ్లు» అని రాయొచ్చు. మొదటిదాని నిడివి మార్చితే తర్వాతివన్నీ వాటంతటవే జరుగుతాయి. సీఎస్ఎస్‌లో ఆ ఆలస్యాలన్నీ చేత్తో కూడుకోవాలి. ఆకారం మార్పు కూడా అంతే: పాత్‌లో ఆకారాన్ని చెప్పే డీ ఆట్రిబ్యూట్‌ను యానిమేట్ ట్యాగుతో నేరుగా మార్చవచ్చు. షరతు ఒక్కటే, రెండు ఆకారాల్లోనూ కమాండ్ల సంఖ్య, వాటి రకం, వరుస ఒకేలా ఉండాలి. ఒకచోట సీ (వంపు), అదే స్థానంలో ఇంకోచోట ఎల్ (సరళరేఖ) ఉంటే మధ్య ఆకారాలు రావు, టక్కున దూకుతుంది. అందుకే మొదటి ఆకారాన్ని డూప్లికేట్ చేసి, బిందువులను జరిపి రెండోది తయారుచేయండి, విడిగా గీయకండి.

#8 · తెరచాప

ఎస్ఎంఐఎల్ నడుస్తుందన్న మాట ఒప్పుకుంటాను. దాని మీద పెద్ద అభ్యంతరం వేరే. కదలికలు చూస్తే తల తిరిగేవాళ్లు సిస్టమ్ సెట్టింగ్‌లో కదలిక తగ్గించమని పెట్టుకుంటారు. సీఎస్ఎస్‌లో ప్రిఫర్స్-రిడ్యూస్డ్-మోషన్ మీడియా క్వెరీ రాస్తే ఆగిపోతుంది. ఎస్ఎంఐఎల్‌కు ఆ క్వెరీతో సంబంధమే లేదు, ఆడుతూనే ఉంటుంది.

#9 · పలక_బలపం

నిజమే, అది చేతితో చూసుకోవాల్సిన పని. ఇన్‌లైన్ ఎస్‌వీజీ అయితే మ్యాచ్‌మీడియాతో ఆ సెట్టింగ్ చూసి, ఎస్‌వీజీ ఎలిమెంట్ మీద పాజ్‌యానిమేషన్స్ పిలవాలి. ఇమేజ్ ట్యాగులో పెడితే బయటి నుంచి అది కుదరదు. అక్కడ పిక్చర్ ట్యాగ్ వాడి, సోర్స్‌కు మీడియా షరతుగా రిడ్యూస్డ్ మోషన్ పెట్టి, కదలని ఫైలు ఇవ్వాలి. స్క్రిప్ట్ అవసరం ఉండదు.

ఏ పద్ధతైనా డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలనే మార్గదర్శకాలు) నియమం మరవకూడదు: తనంతట తాను మొదలై, పక్కన వేరే విషయం ఉండగా ఐదు సెకండ్లకు మించి కదిలేదానికి ఆపే మార్గం ఉండాలి. హోం పేజీ చక్రం ఆగకుండా తిరిగితే ఒక పాజ్ బటన్ పెట్టండి.

#10 · వక్రరేఖ

ఇమేజ్ ట్యాగ్ మాట వచ్చింది కనుక, ఎస్‌వీజీని ఎలా పెడుతున్నారన్నదాన్ని బట్టి ఏమి నడుస్తుందో చెబుతాను.

ఇమేజ్ ట్యాగులో, సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌లో: ఫైలు లోపలి సీఎస్ఎస్, ఎస్ఎంఐఎల్ యానిమేషన్లు ఆడతాయి. స్క్రిప్టులు నడవవు, లోపలి లింకులు నొక్కబడవు, బయటి ఫాంట్లు, బొమ్మలు లోడ్ కావు, పేజీ రంగును కరెంట్‌కలర్ (చుట్టూ ఉన్న అక్షరాల రంగును తీసుకునే విలువ) అందుకోదు. ఇన్‌లైన్‌లో ఇవన్నీ నడుస్తాయి, కానీ బొమ్మ విడిగా క్యాష్ కాదు, పేజీ డామ్ (పేజీలోని ఎలిమెంట్ల చెట్టు) బరువెక్కుతుంది.

నలభై ఐకాన్లకు మధ్యే మార్గం సింబల్ (బొమ్మను ఒకసారి రాసి ఉంచేది), యూజ్ (దాన్ని కావాల్సినచోట పిలిచేది) ట్యాగులు. ఒకే స్ప్రైట్ ఫైల్లో నలభై సింబళ్లు, ఒక్కోదానికి దాని వ్యూబాక్స్. ఫిల్‌కు కరెంట్‌కలర్ పెట్టండి. రెండో రంగు కావాలంటే సీఎస్ఎస్ కస్టమ్ ప్రాపర్టీ వాడండి, అది యూజ్ లోపలికి వారసత్వంగా దిగుతుంది. బయటి నుంచి రాసిన సెలెక్టర్లు మాత్రం లోపలికి వెళ్లవు. స్ప్రైట్ ఫైలు పేజీ ఉన్న డొమైన్ నుంచే రావాలి, వేరే సీడీఎన్ డొమైన్‌లో పెడితే ఐకాన్లు కనబడవు.

ఇమేజ్ ట్యాగులో బొమ్మ అసలు రాకపోతే రెండు చూడండి: ఫైల్లో ఎక్స్‌ఎంఎల్ఎన్ఎస్ ఆట్రిబ్యూట్ (ఇది ఎస్‌వీజీ అని చెప్పేది) ఉందా (ఇన్‌లైన్‌లో లేకపోయినా నడుస్తుంది కనుక కాపీ చేసేటప్పుడు జారిపోతుంది), సర్వర్ ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎంఎల్ అన్న రకంతో పంపుతోందా. ఎస్‌వీజీ టెక్స్ట్ కనుక జీజిప్, బ్రోట్లీ రెండింటికీ బాగా కుదించుకుంటుంది. సర్వర్ కుదింపు జాబితాలో ఈ రకాన్ని చేర్చారో లేదో చూడండి.

#11 · పికిలిపిట్ట

నాలుగో పని, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ది. దానికి లాటీయే సరి. బాడీమూవిన్ ప్లగిన్ టైమ్‌లైన్‌ను జేసన్‌గా (డేటాను రాసే టెక్స్ట్ ఫార్మాట్) రాస్తుంది, లాటీ-వెబ్ దాన్ని ఎస్‌వీజీగానో కాన్వాస్‌గానో గీస్తుంది. లాటీ పేరుతో దీన్ని ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసింది. డిజైనర్ పని మొదలుపెట్టకముందే ఈ నియమాలు చెప్పండి, తర్వాత చెబితే సగం మళ్లీ చేయాలి:

ఇలస్ట్రేటర్ లేయర్లను షేప్ లేయర్లుగా మార్చాలి. బిట్‌మ్యాప్ బొమ్మలు పెడితే జేసన్‌లో బేస్64గా (టెక్స్ట్‌గా మార్చిన రూపంలో) దూరి ఫైలు ఉబ్బిపోతుంది, అప్పుడది వెక్టర్ ఫైలే కాదు. గ్లో, డ్రాప్ షాడో లాంటి లేయర్ స్టైళ్లు, చాలా ఎఫెక్టులు రావు. ఎక్స్‌ప్రెషన్లు (కదలికను లెక్కగట్టే చిన్న కోడ్) వాడితే లాటీ-వెబ్ పూర్తి వెర్షన్ కావాలి, లైట్ వెర్షన్‌లో అవి లేవు. పైగా వాటిని ఇవాల్‌తో (టెక్స్ట్‌ను కోడ్‌గా నడిపేది) నడుపుతుంది కనుక, సైట్ భద్రతా నియమాల్లో (సీఎస్‌పీ) అన్‌సేఫ్-ఇవాల్ లేకపోతే అక్కడే ఆగుతుంది. ఎక్స్‌ప్రెషన్లను కీఫ్రేములుగా మార్చితే ఆ గొడవ పోతుంది గానీ ప్రతి ఫ్రేముకూ ఒక కీ పుడుతుంది, ఫైలు పెరుగుతుంది. ఎక్స్‌ప్రెషన్ లేకుండా రెండు కీలు, మంచి ఈజింగ్‌తో చేయడం మేలు.

కాంపోజిషన్ 30 ఫ్రేములదైనా లాటీ-వెబ్ డిఫాల్ట్‌గా మధ్య ఫ్రేములు కూడా లెక్కగట్టి తెర వేగంతో గీస్తుంది. తెగిన కదలిక కావాలని చేసిన యానిమేషన్ అయితే సెట్‌సబ్‌ఫ్రేమ్‌ను ఫాల్స్ చేయండి. సింగిల్ పేజీ యాప్‌లో పేజీ మారేటప్పుడు డెస్ట్రాయ్ పిలవండి, లేకపోతే కనబడని యానిమేషన్ వెనకాల ఆడుతూనే ఉంటుంది. తెర మీదికి వచ్చినప్పుడే ప్లే చేయడానికి ఇంటర్సెక్షన్ అబ్జర్వర్ వాడండి.

డాట్‌లాటీ ఫైలు ఇదే జేసన్‌ను జిప్‌లో పెట్టినది. సర్వర్ జీజిప్ చేసి పంపే జేసన్‌కూ దానికీ డౌన్‌లోడ్ సైజులో పెద్ద తేడా ఆశించకండి. బొమ్మలు, థీములు, పలు యానిమేషన్లు ఒక మూటలో కావాలంటే అది పనికొస్తుంది.

#12 · నీలిగీత

రైవ్ గురించి ఒక్క ముక్క కలుపుతాను. బటన్ మీద మౌసు పెడితే చూసి, నొక్కితే నవ్వి, తప్పు పాస్‌వర్డ్ కొడితే తల ఊపే బొమ్మ కావాలంటే లాటీతో సెగ్మెంట్లు కోసి జావాస్క్రిప్ట్‌లో కుట్టాలి. రైవ్‌లో స్టేట్ మెషీన్ ఫైలు లోపలే ఉంటుంది, కోడ్ ఇన్‌పుట్ మాత్రమే ఇస్తుంది. బదులుగా ఫార్మాట్ బైనరీ కనుక టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి రంగు మార్చలేరు, రన్‌టైమ్ వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్‌లో నడిచే బైనరీ కోడ్) కనుక అది ముందు దిగాలి. కాన్వాస్ మీద గీస్తుంది కాబట్టి ఎక్కువ సాంద్రత తెరల మీద మసకబారితే రీసైజ్‌డ్రాయింగ్‌సర్ఫేస్‌టుకాన్వాస్ పిలవడం మరిచారన్నమాట. స్క్రీన్ రీడర్‌కు కాన్వాస్ లోపల ఏమీ కనబడదు, ఏరియా-లేబుల్ (అది చదివి వినిపించే పేరు) మీరే ఇవ్వాలి.

కోడ్‌తోనే చేసేవాళ్లకు జీసాప్ ఉంది. 2025 నుంచి దాని ప్లగిన్లన్నీ ఉచితం. కమాండ్ల సంఖ్య కలవని రెండు ఆకారాల మధ్య మార్పును మార్ఫ్‌ఎస్‌వీజీ చూసుకుంటుంది, #7లో చెప్పిన షరతు అక్కడ అడ్డు రాదు.

#13 · అక్షరశిల్పి

ఒత్తుల సంగతికి వస్తాను. ఇది తెలుగుకు ప్రాణం లాంటి విషయం, ఇంగ్లీషు ట్యుటోరియళ్లు చూసి చేస్తే తప్పకుండా చెడుతుంది.

«స్త్రీ» కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. స్ప్లిట్ చేస్తే ఆరు ముక్కలవుతాయి. ఒక్కో ముక్కను ఒక్కో టీస్పాన్, స్పాన్ ట్యాగులో పెట్టి విడిగా కదిలిస్తే ఫాంట్ వాటిని కలిపి చూడలేదు. ఒత్తును కట్టేది ఫాంట్‌లోని జీసబ్ పట్టిక. ముక్కలన్నీ ఒకే వరుసలో అందితేనే అది పనిచేస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో పాఠాన్ని ముక్కలు చేసే ఇంటల్.సెగ్మెంటర్‌ను గ్రాఫీమ్ (చదివేవాళ్లు ఒకటిగా చూసే అక్షరం) స్థాయిలో వాడండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. పాత నియమాల ప్రకారం పొల్లు దగ్గర గ్రాఫీమ్ తెగేది, అంటే «స్త్రీ» మూడు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం చేర్చారు. పాత బ్రౌజర్లలో ఇంకా మూడు ముక్కలే రావచ్చు. అందుకని సెగ్మెంటర్ ఇచ్చిన ముక్క చివరి సంకేతం పొల్లు (యూ+0సీ4డీ) అయితే తర్వాతి ముక్కను దానికి అతికించండి. «ఎస్‌వీజీ» లాంటి మాటల్లో పొల్లు తర్వాత జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే కనబడని సంకేతం) ఉంటుంది కనుక ముక్క చివరి సంకేతం పొల్లు కాదు, అతకదు. అక్కడ అతకకూడదు కూడా, సరిపోయింది.

ఫాంట్ సంగతి. ఇమేజ్ ట్యాగులోని ఎస్‌వీజీకి వెబ్ ఫాంట్ అందదు. కాబట్టి రెండు దారులు.

మొదటిది, కావాల్సిన అక్షరాల వరకు ఫాంట్‌ను కత్తిరించి బేస్64గా ఎస్‌వీజీ లోపలే పెట్టడం. ఫాంట్‌టూల్స్‌లోని పైఎఫ్‌టీసబ్‌సెట్‌కు టెక్స్ట్ ఆప్షన్‌తో మీ శీర్షికను యథాతథంగా ఇవ్వండి. అది జీసబ్‌ను చూసి ఆ సంకేతాల నుంచి పుట్టే ఒత్తు రూపాలనూ ఉంచుతుంది, శీర్షికలో జడ్‌డబ్ల్యూఎన్‌జే ఉంటే దాన్నీ ఉంచుతుంది. జీసబ్‌ను పారేసే సబ్‌సెట్ పనిముట్లతో ఒత్తులు మళ్లీ విడిపోతాయి. ఫాంట్ లైసెన్స్ కత్తిరించి పంచడానికి ఒప్పుకుంటుందో చూసుకోండి. నోటో సాన్స్ తెలుగు ఓఎఫ్ఎల్ (స్వేచ్ఛా ఫాంట్ లైసెన్స్) కింద ఉంది కనుక దానితో ఇబ్బంది లేదు.

రెండోది, అక్షరాలను పాత్‌లుగా మార్చడం. ఇంక్‌స్కేప్ తెలుగును సరిగ్గానే కూర్చుతుంది, ఆబ్జెక్ట్ టు పాత్ చాలు. ఇలస్ట్రేటర్‌లో మాత్రం టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దక్షిణాసియా కంపోజర్ ఎంచుకున్నాకే అవుట్‌లైన్ చేయండి. ముందే చేస్తే తప్పు రూపం రాయిలా గడ్డకట్టుకుపోతుంది. పాత్ అయ్యాక అది చదవగలిగే పాఠం కాదు, కాబట్టి ఎస్‌వీజీకి రోల్ ఇమేజ్, లోపల టైటిల్, దానికి ఏరియా-లేబుల్డ్‌బై తప్పనిసరి.

లాటీలో తెలుగు టెక్స్ట్ లేయర్ పెట్టకండి. అది గ్లిఫ్‌లను (అక్షర రూపాలను) ఒక్కో సంకేతానికి విడిగా దాచుకుంటుంది, ఒత్తులు కట్టవు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే క్రియేట్ షేప్స్ ఫ్రమ్ టెక్స్ట్ చేసి పంపాలి.

చేత్తో రాస్తున్నట్టు శీర్షిక రావాలంటే అక్షరం అంచుకు #6లోని డాష్ కిటుకు వేయకండి, అది అంచు చుట్టూ తీగ తిప్పినట్టుంటుంది. నిండు అక్షరాన్ని మాస్క్ (తెల్లగా ఉన్నచోటే బొమ్మను చూపే తెర) వెనక పెట్టి, మాస్క్‌లో కలం నడిచే దారిని తెల్లటి మందపు స్ట్రోక్‌గా గీసి, ఆ స్ట్రోక్‌కు డాష్ యానిమేషన్ ఇవ్వండి. మందం అక్షరపు మందం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. «ణ», «ఘ» లాంటి వాటిలో వంపు తనకు తానే దగ్గరగా వస్తుంది, మాస్క్ పక్క వంపును కూడా ముందే బయటపెడుతుంది. అలాంటి అక్షరాన్ని రెండు మూడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేరే మాస్క్ పెట్టండి. తలకట్టును ఎప్పుడూ వేరే ముక్కగా, మనం రాసే వరుసలోనే రప్పించండి. వరుస తప్పితే తెలుగు రాసేవాళ్ల కన్ను వెంటనే పట్టేస్తుంది.

#14 · చుక్కలముగ్గు

అక్షరశిల్పి గారూ, పొల్లు చూసి అతికించడంతో ఒత్తులు నిలబడ్డాయి. చక్రమూ రెండు గ్రూపులతో కుదిరింది. ఒకటే మిగిలింది: స్ప్రైట్‌ను పేజీ మొదట్లో ఇన్‌లైన్‌గా పెట్టి డిస్‌ప్లే నన్ ఇచ్చాను. మామూలు ఐకాన్లు వస్తున్నాయి, గ్రేడియెంట్ ఉన్న మూడు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

#15 · వక్రరేఖ

డిస్‌ప్లే నన్ వల్లే. దాని లోపలున్న గ్రేడియెంట్లు, ఫిల్టర్లు, మాస్కులు కొన్ని బ్రౌజర్లలో పనిచేయవు. దాన్ని తీసేసి స్ప్రైట్‌కు విడ్త్ 0, హైట్ 0, పొజిషన్ యాబ్సొల్యూట్, ఏరియా-హిడెన్ ట్రూ ఇవ్వండి. ఆ తర్వాత కూడా ఖాళీగానే ఉంటే మూడు గ్రేడియెంట్లకూ ఒకే ఐడీ ఉందేమో చూడండి.